తీసుకెళ్లండి, వాడి చూడండి, తిరిగి ఇచ్చేయండి

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల్లో మహిళలకు కేటాయించిన రోజున ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత గ్రంథపాలకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా అమ్మా? మైకు కాస్త గరగరమంటోంది, ఓర్చుకోండి. ఇందాక పెద్దలు గ్రంథాలయోద్యమం గురించి చక్కగా చెప్పారు. అయ్యంకి వెంకటరమణయ్య గారి గురించి, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టడం గురించి. నేను మళ్లీ అక్కడికి వెళ్లను. నేను ఇంటి సంగతి మాట్లాడతాను. వంటగది, పడకగది, మంచం పట్టిన పెద్దవాళ్లు, నిద్ర పట్టని రాత్రులు. లైబ్రరీ సభలో ఇవన్నీ ఎందుకంటారా? చెబుతాను.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడున్న ఆడవాళ్లలో ఈ లైబ్రరీలో సభ్యత్వం ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఊఁ. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సరే, దించండి. ఇప్పుడు ఇంకోటి. ఇంటి పన్ను కట్టేవాళ్లు? చూశారా, అందరూ ఎత్తారు. ఆ రసీదు ఎప్పుడైనా నిదానంగా చదివారా? అందులో గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద వసూలు చేస్తున్నది. అంటే వెయ్యి రూపాయల పన్ను మీద ఎనభై రూపాయలు ఈ బీరువాల కోసం, ఈ బల్లల కోసం, ఈ ఫ్యాన్ల కోసం మీరు ఇస్తున్నారు. ఏటా ఇస్తున్నారు. కేబుల్ బిల్లు కట్టి టీవీ ఆన్ చేయకుండా ఎవరైనా కూర్చుంటారా? మరి దీని విషయంలో ఎందుకు కూర్చుంటున్నాం?

కారణం నాకు తెలుసు. లైబ్రరీ అంటే పొద్దున్నే పేపరు చదివే పెద్దమనుషులది, లేకపోతే పోటీ పరీక్షలకి చదివే పిల్లలది అని మన మనసులో పడిపోయింది. గడపలో చెప్పులు చూసి, అన్నీ మగవాళ్లవే ఉంటే వెనక్కి వెళ్లిపోయిన ఆడవాళ్లని నేను కిటికీలోంచి చూశాను. వాళ్లని తప్పుపట్టను. లోపల కూర్చోవడానికి ఇబ్బందిగా ఉంటే కూర్చోవద్దు. పుస్తకం తీసుకుని ఇంటికి వెళ్లిపోండి. నేను చెప్పబోయేదంతా ఇంటికి తీసుకెళ్లాక ఏం చేయాలన్నదే.

ఈ మధ్య సెల్ఫ్ కేర్ అనే మాట అందరి నోటా వింటున్నాం. ఫోన్ తెరిస్తే చాలు. ఒకరు సువాసన కొవ్వొత్తులు అమ్ముతారు, ఒకరు ఇరవై ఒక్క రోజుల కోర్సు అమ్ముతారు, ఇంకొకరు ఫలానా మ్యాట్ లేకపోతే యోగా రాదన్నట్టు మాట్లాడతారు. కొనుక్కునేవాళ్లు కొనుక్కోండి, ఎవరి డబ్బు వాళ్లిష్టం. కానీ మనిళ్లలో అలా కొని మూల పడేసినవి ఎన్ని ఉన్నాయి? ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరేసుకునే ఇళ్లు నాకు తెలుసు. నవ్వుతున్నారంటే మీ ఇంట్లోనూ ఉందన్నమాట.

డబ్బు పోతే పోయింది. ఆ వస్తువు కళ్ల ముందు ఉంటుంది చూడండి, అదీ బాధ. చూసినప్పుడల్లా 'నా వల్ల కాలేదు' అనిపిస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు దెప్పుతారు కూడా. లైబ్రరీ పుస్తకంతో ఆ గొడవ లేదు. తెచ్చుకున్నారు, రెండు వారాలు ప్రయత్నించారు, మీకు పడలేదు, తిరిగి ఇచ్చేశారు. అయిపోయింది. 'ఎందుకు చివరిదాకా చదవలేదు' అని ఏ లైబ్రేరియనూ అడగడు. అడగకూడదు కూడా.

ఈ రోజు నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. ఒంటికి గానీ మనసుకి గానీ మనకి ఏది పనికొస్తుందో ముందే తెలియదు. ఒకరికి ప్రాణాయామం హాయిగా ఉంటుంది, ఇంకొకరికి ఊపిరి మీద దృష్టి పెడితే గాభరా ఎక్కువవుతుంది. ఒకరికి కుట్టుపని, ఒకరికి కుండీల్లో మొక్కలు, ఒకరికి డిటెక్టివ్ నవల. వాడి చూస్తే గాని తెలియదు. వాడి చూసి, నచ్చకపోతే ఒక్క మాట పడకుండా తిరిగి ఇచ్చే వీలు ఊళ్లో ఇంకెక్కడుంది?

పుస్తకం అట్ట లోపల ఒక చీటీ అతికించి ఉంటుంది, చూశారు కదా? తేదీ ముద్ర వేసే చీటీ. మన దగ్గర గడువు రెండు వారాలు. చాలామంది దాన్ని బెదిరింపులా చూస్తారు, ఫైన్ పడుతుందేమో అని. నేను మాత్రం ఆ చీటీ చాలా గొప్పదంటాను. పిల్లాడి ఫీజుకి గడువుంది, కరెంటు బిల్లుకి గడువుంది, పొదుపు సంఘం వాయిదాకి గడువుంది. మన కోసం మనం చేసుకునే పనికి మాత్రం ఏ గడువూ ఉండదు. అందుకే అది రోజూ రేపటికి పోతుంది. పుస్తకం మీద ముద్ర పడితే అది కూడా గడువున్న పనుల్లో చేరుతుంది. 'అది తిరిగి ఇచ్చేయాలి, కాసేపు చూసుకోనివ్వండి' అంటే ఇంట్లోవాళ్లు కూడా ఊరుకుంటారు. ఊరుకోకపోతే నా పేరు చెప్పండి.

ఎలా వాడాలో చెబుతాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలన్న నియమం పెట్టుకోకండి. విషయసూచిక చూడండి. మీకు కావలసిన ఒక్క అధ్యాయం తీసుకోండి. అందులో చెయ్యమన్న ఒక్క పని ఎంచుకోండి. పిల్లల పాత నోటుబుక్కుల్లో వెనక ఖాళీ పేజీలు ఉంటాయి కదా, అందులో రోజూ ఒక్క ముక్క రాసుకోండి. చేశాను, చెయ్యలేదు, ఎలా అనిపించింది. అంతే. రెండు వారాలయ్యాక ఆ పేజీ చూసుకుంటే మీకే తెలుస్తుంది ఆ పుస్తకాన్ని రెన్యూవల్ చేయించుకోవాలో తిరిగి ఇచ్చేయాలో. పుస్తకంలో మాత్రం గీతలు గీయకండి తల్లీ, మీ తరవాత ఇంకొకరు చదవాలి.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒకావిడ వచ్చేవారు. అత్తగారికి పక్షవాతం, మంచంలోనే అన్నీ. ఈవిడకి నడుం నొప్పి. 'నడుం నొప్పికి ఏదైనా పుస్తకం ఉందా అండీ' అని అడిగారు. మాట్లాడితే తెలిసింది, నొప్పి ఎందుకొస్తోందో. రోజంతా ఆ పెద్దావిడని లేపడం, తిప్పడం, కూర్చోబెట్టడం. నేను ఆవిడకి నడుం నొప్పి పుస్తకం ఇవ్వలేదు. నర్సింగ్ విద్యార్థులు చదివే పుస్తకం ఇచ్చాను, బొమ్మలున్నది. అందులో ఒక్క పేజీ చూపించాను. రోగిని లేపేటప్పుడు మనం నడుం వంచకూడదు, మోకాళ్లు వంచాలి. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడాలి. రోగిని మన ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి, చేతులు చాచి లాగకూడదు. పైకి జరపాలంటే కింద మడతపెట్టిన దుప్పటి వేసి, ఇద్దరు రెండు వైపులా పట్టుకుని జరపాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని కూడా అందులోనే ఉంది. అంటే రోజుకి ఎన్నిసార్లు నడుం మీద బరువు పడుతుందో లెక్కేసుకోండి. ఆ ఒక్క పేజీ చూసి ఆవిడ ఏమన్నారో తెలుసా? 'దీన్ని ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదేంటండీ?' అన్నారు. తరవాత వాళ్లాయన్ని కూడా తీసుకొచ్చి చూపించారు, రెండోవైపు దుప్పటి పట్టుకోవాలి కదా మరి.

ఇంకొకరిని చూసుకునేవాళ్లు తమని తాము చూసుకోవడం అంటే నా దృష్టిలో అదీ. ఒక గంట తలుపేసుకుని కూర్చోమంటే వాళ్లకి కుదరదు. ఎలాగూ చెయ్యక తప్పని పనిని ఒళ్లు హూనం కాకుండా చేసే పద్ధతి తెలిస్తే, అదే పెద్ద ఉపకారం.

పుస్తకాలు ఎక్కడుంటాయి? ఇక్కడ చిన్న చిక్కుంది. మన బాగుకి పనికొచ్చే పుస్తకాలన్నీ ఒకే బీరువాలో ఉండవు. డ్యూయీ పద్ధతిలో, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకి అంకెలిచ్చి సర్దిన లైబ్రరీ అయితే ఆరోగ్యం, వ్యాయామం 613 దగ్గర ఉంటాయి. జబ్బుల గురించి 616. వంట 641. పెరటి మొక్కలు 635. కుట్లు, అల్లికలు 746. మనసు, అలవాట్లు, ఆందోళన లాంటివి 150లలో, ముఖ్యంగా 158. యోగా పుస్తకాలైతే ఆసనాలవి ఒక చోట, యోగ దర్శనం ఇంకో చోట. ఈ నంబర్లు గుర్తుపెట్టుకోమని చెప్పడం లేదు, కంగారు పడకండి. ఒక చోట దొరకలేదని 'ఇక్కడేం లేవు' అనుకుని వెళ్లిపోకండి అంటున్నాను. చిన్న శాఖల్లో నంబర్ల వరస అంత ఖచ్చితంగా ఉండదు కూడా, వరదకి తడిసినవి ఒక మూల, బైండింగ్‌కి వెళ్లొచ్చినవి ఒక మూల ఉంటాయి. అడగండి. పాఠకుడి సమయం వృథా కాకూడదన్నది మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కైన రంగనాథన్ గారు 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. మీకు వెతికిపెట్టడం లైబ్రేరియన్ మీకు చేసే మెహర్బానీ కాదు, అది ఉద్యోగం.

అడగడానికి సిగ్గుగా ఉంటుంది. నాకు తెలుసు. మెనోపాజ్ గురించి, మూత్రం ఆపుకోలేకపోవడం గురించి, భర్త తాగుడు గురించి, ఏడుపు ఆగకపోవడం గురించి కౌంటర్ దగ్గర నలుగురిలో ఎలా అడుగుతాం? అడగక్కర్లేదు. కాగితం మీద రాసి ఇవ్వండి. ఎవరి కోసం అని రాయక్కర్లేదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నా సీనియర్ ఒకాయన చెప్పారు, పాఠకుడు ఏ పుస్తకం తీసుకున్నాడో బయట మాట్లాడే లైబ్రేరియన్ ఆ కుర్చీకి తగడని. ఊళ్లో ఉన్న లైబ్రేరియన్ మీ మేనమామ కొడుకే అయితే ఏం చేయాలంటారా? అప్పుడు ఒక పని చేయండి. ఆరోగ్యం పుస్తకం ఒకటి, దాని మీద నవల ఒకటి పెట్టి ఇష్యూ చేయించుకోండి. ఆయన నవల పేరు గుర్తుపెట్టుకుంటాడు.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా వినవలసిన మాట. ఆరోగ్యం పుస్తకం తీసినప్పుడు ముందు పేరు పేజీ తిప్పి, వెనక ముద్రణ సంవత్సరం చూడండి. కథల పుస్తకం పాతదైతే ఇంకా మంచిది. వైద్యం పుస్తకం పాతదైతే ప్రమాదం. ఉదాహరణ చెబుతాను. విరేచనాలకి మనం ఇచ్చే ఓఆర్‌ఎస్ ఉంది కదా, అందులో ఉప్పు, గ్లూకోజు పాళ్లని 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి తగ్గించాయి. అంతకు ముందు అచ్చయిన పుస్తకంలో పాత లెక్క ఉంటుంది. ప్యాకెట్ దొరకనప్పుడు ఇంట్లో కలుపుకోవాలంటే లీటరు మంచినీళ్లు, తల కొట్టిన ఆరు చెంచాల పంచదార, తల కొట్టిన అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. గుప్పెడు, చిటికెడు అని రాసిన పుస్తకాలున్నాయి. ఎవరి గుప్పెడు? నాదా, మా ఆయనదా? ఉప్పు ఎక్కువైతే చంటిపిల్లలకి మహా ప్రమాదం.

ఇంకో ఉదాహరణ. బిడ్డకి తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా ఎన్నాళ్లుంచాలి? పాత పుస్తకాల్లో నాలుగు నుంచి ఆరు నెలలు అని ఉంటుంది. 2001 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ పూర్తిగా ఆరు నెలలు అంటోంది. పాత పుస్తకం రాసినవాళ్లు అబద్ధం రాయలేదు, అప్పటికి తెలిసింది రాశారు. మన అంగన్‌వాడీ అమ్మాయిలు ఇక్కడున్నారు, వాళ్లకి ఇదంతా కంఠతా వచ్చు. అత్తగార్లు ఒప్పుకోరు, అదే బాధ. ఏమ్మా, అవునా కాదా?

రెండోది, రాసిందెవరో చూడండి. డాక్టరా, నర్సా, డైటీషియనా, లేక అట్ట మీద ఫొటో తప్ప ఏ వివరమూ లేని మనిషా? 'నలభై రోజుల్లో షుగర్ మాయం' అని అట్ట మీద ఉంటే, లైబ్రరీలో ఉంది కదా అని నమ్మకండి. లైబ్రరీకి అన్నీ వస్తాయి. దాతలు ఇస్తారు, గుత్తగా కొంటారు. బీరువాలో చోటు దొరికిందంటే అందులోది నిజమని ముద్ర పడినట్టు కాదు. ఏ పుస్తకం చదివి కూడా బీపీ మాత్ర, షుగర్ మాత్ర, థైరాయిడ్ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. తగ్గించాలనిపిస్తే ఆ పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏ పేజీ చూసి అడుగుతున్నారో చూపించండి.

మంచివీ ఉన్నాయి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లు తెలుగులోకి తెచ్చిన 'వైద్యుడు లేని చోట' నేను పనిచేసిన లైబ్రరీల్లో నలిగి నలిగి అట్టలు ఊడిపోయిన పుస్తకం. అసలది మెక్సికో కొండల్లోని పల్లె జనం కోసం రాసింది. మన పల్లెలకీ సరిపోయింది. దాన్నైనా సరే కొత్త ముద్రణ ఉంటే అదే తీసుకోండి, నేను ఇందాక చెప్పిన కారణానికే. అందులో నాకు బాగా నచ్చేది ఏంటంటే, ఏది ఇంట్లో చూసుకోవచ్చో, ఏది ఆస్పత్రికి పరుగెత్తాలో విడదీసి చెప్పడం. ఇంట్లో వైద్యం పుస్తకం ఏది తీసుకున్నా అందులో ముందు ఆ భాగం వెతకండి. అది లేని పుస్తకం నాకు నచ్చదు.

యోగా పుస్తకాలకీ ఇదే. ప్రతి ఆసనానికి కింద ఎవరు చెయ్యకూడదో రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. దాన్ని ముందు చదవండి. బీపీ ఉన్నవాళ్లు, కళ్లలో నీటికాసులు, అంటే గ్లకోమా ఉన్నవాళ్లు తలకిందులుగా చేసే ఆసనాల జోలికి పోకూడదు. పుస్తకం నేల మీద తెరిచి పెట్టి, బరువుకి ఒక గ్లాసు పెట్టుకుని, ఒక్క ఆసనం చేయండి. అట్ట మీద అమ్మాయి వంగినంత మనం వంగక్కర్లేదు. ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు.

బీపీ మాటొచ్చింది కాబట్టి చెబుతాను. అమెరికాలో కొన్ని లైబ్రరీలు పుస్తకాలు ఇచ్చినట్టే బీపీ మిషన్లు కూడా ఇంటికి ఇస్తాయి. కార్డు మీద ఇష్యూ చేస్తారు, వాడుకుని తిరిగి ఇవ్వాలి. మన దగ్గర ఎందుకు ఇవ్వకూడదు? ఇక్కడ పాలకవర్గం పెద్దలున్నారు, దాతలున్నారు. వాళ్ల చెవిన పడాలనే గట్టిగా అంటున్నాను. ఎవరింట్లోనైనా మిషన్ ఉంటే ఎలా చూసుకోవాలో మాత్రం ఇప్పుడే వినండి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ వద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆనించి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాసుకోవాలి. మనం ఏం చేస్తాం? పొయ్యి మీద కూర పెట్టి, పిల్లాడి మీద అరుస్తూ చెయ్యి చాపుతాం. అదెంత చూపిస్తుంది పాపం!

ఇంతసేపూ ఒళ్లు, జబ్బులు అన్నాను. ఇప్పుడు కథల దగ్గరికి వస్తాను, నాకు ఇష్టమైన భాగం. ఇంగ్లండులో 2013 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. దిగులు, ఆందోళన లాంటి ఇబ్బందులతో వచ్చినవాళ్లకి డాక్టర్లు ఒక జాబితాలోంచి పుస్తకం పేరు సూచిస్తారు, ఊళ్లో లైబ్రరీ దాన్ని ఇస్తుంది. నిపుణులు చూసి ఎంపిక చేసిన పుస్తకాలు అవి. అంతకు ముందే వేల్స్‌లో ఇలాంటిది మొదలైంది. మంచి పద్ధతే. మన దగ్గర రావాలి. కానీ డాక్టర్ చీటీ రాసేదాకా మనం ఆగక్కర్లేదు.

నాకు వ్యక్తిత్వ వికాసం పుస్తకాల మీద కాస్త చిన్నచూపు ఉంది, దాచను. 'నువ్వు గెలవగలవు' అని పేజీ పేజీకీ అరిచే పుస్తకం, అలిసిపోయిన మనిషికి ఇంకో పని అంటగడుతుంది. అవి కొందరికి ఉపయోగపడ్డాయి, కాదనను. కానీ రాత్రి పదింటికి గిన్నెలు సర్దేసి కూర్చున్న మనిషికి గెలవడం ఎందుకు? కాసేపు తన ఇల్లు మర్చిపోవాలి. దానికి కథ కావాలి. లైబ్రరీలో పాత వారపత్రికలు, మాసపత్రికలు బైండ్ చేసి ఉంచుతారు. అవి తీసి చూడండి. సీరియల్ ఒక భాగం, ఒక కార్టూను, పాత ప్రకటన, పాఠకుల ఉత్తరాలు. పది నిమిషాల ముక్కలు. బౌండ్ వాల్యూములు ఇంటికి ఇవ్వరు సాధారణంగా, ఇక్కడే కూర్చుని చూడాలి. పాత పత్రికలకి పేరున్న చోటు వేటపాలెం సారస్వత నికేతనం, 1918లో పెట్టింది. 1929లో గాంధీ గారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. చీరాల వైపు వెళ్తే ఓసారి దిగి చూడండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకోటి చేయండి. పైకి చదివి వినిపించండి. కళ్లు కనపడక పేపరు మానేసిన మామగారు, రోజంతా టీవీ ముందు కూర్చునే అమ్మమ్మ. రోజూ ఒక చిన్న కథ. చదివేవాళ్లకీ మంచిది, నోటితో చదివేటప్పుడు మనసు వేరే చోటికి పోలేదు. పిల్లలకి ఆ పని అప్పజెప్పండి, తెలుగు చదవడం కూడా వస్తుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో తాతగారికి మనవరాలు చదువుతూ తప్పులు చదివితే, ఆయన దిద్దుతూ దిద్దుతూ పొద్దుటి అలక మర్చిపోయేవారట. మాస్టారూ, మీరు తల ఊపుతున్నారు, మీ ఇంటి సంగతి కాదు కదా?

మరి ఇక్కడిదాకా రాలేనివాళ్లు? మోకాళ్ల నొప్పులు, పసిబిడ్డ, పంపించని అత్తవారు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద తిరిగే పడవలో లైబ్రరీ పెట్టారు. మనిషి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే వెళ్లాలని. ఇప్పుడు పడవలు లేవు గానీ బడికెళ్లే పిల్లలున్నారు. మీ కార్డు ఇచ్చి పంపండి, కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాయండి.

ఫోన్ ఉంటే ఇంకొన్ని దారులు. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది, 2018లో దేశానికి అంకితం చేశారు. రిజిస్ట్రేషన్‌కి డబ్బు అక్కర్లేదు. తెలుగు వికీసోర్స్‌లో కాపీరైటు తీరిన పాత పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. వాటిలో వైద్యం పుస్తకాలు మాత్రం చదివి ఆనందించండి, పాటించకండి. చూపు లేనివాళ్లకి, పుస్తకం చేత్తో పట్టుకోలేనివాళ్లకి సుగమ్య పుస్తకాలయ అని 2016లో మొదలుపెట్టారు, అక్కడ వినే పుస్తకాలు, బ్రెయిలీ పుస్తకాలు దొరుకుతాయి. సభ్యత్వానికి వైకల్య ధ్రువపత్రం లాంటివి అడుగుతారు, పిల్లలెవరినైనా కూర్చోబెట్టి చేయించుకోండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి నెలల తరబడి ఉండి వచ్చేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అక్కడ పగలంతా ఇంట్లో ఒక్కళ్లే. కారు నడపలేం, పలకరించేవాళ్లు లేరు. ఆ ఊరి లైబ్రరీకి వెళ్లండి. కార్డు కోసం అక్కడ ఉంటున్న చిరునామాకి ఏదో ఒక రుజువు అడుగుతారు, ఊరిని బట్టి నియమం మారుతుంది, పిల్లల్ని కనుక్కోమనండి. కార్డు నంబరు ఉంటే లిబ్బీ అనే యాప్‌లో ఫోన్‌కే పుస్తకాలు వస్తాయి, వినే పుస్తకాలు కూడా, గడువు అవగానే వాటంతట అవే తిరిగి వెళ్లిపోతాయి. తెలుగు పుస్తకాలు అన్ని చోట్లా ఉండవు. మనవాళ్లు ఎక్కువున్న ఊళ్లో అయితే తెప్పించమని అడగండి. అడిగేవాళ్లు లేకపోతే ఎవరు కొంటారు?

ఇక ఆఖరు సంగతి. ఇది చెప్పకుండా దిగితే ఇందాకటి మాటలన్నీ చెప్పడం తప్పవుతుంది. రెండు వారాల గడువు అన్నాను కదా. డాక్టర్లు కూడా దిగులు విషయంలో రెండు వారాలు అనే లెక్క చూస్తారు. రెండు వారాల పాటు రోజులో ఎక్కువ సేపు మనసు బరువుగా ఉండడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, తిండి తారుమారవడం, ఎందుకొచ్చిన బతుకు అనిపించడం. ఇలా ఉంటే అది పుస్తకంతో పోయేది కాదు. అలాంటప్పుడు చదువు అసలు సాగదు, అదే పేజీ పదిసార్లు చదివినా ఎక్కదు. 'నాకు చదివే శ్రద్ధ లేదు' అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పుస్తకం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెళ్లే వీలు లేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బులుండవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలని అనిపిస్తుంటే రెండు వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, ఆ రోజే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ నంబరు ఈ లైబ్రరీ గోడ మీద రాయించమని కార్యదర్శి గారిని అడుగుతున్నాను, నోటీసు బోర్డు మీద కాదు, పుస్తకాలు ఇష్యూ చేసే కౌంటర్ పక్కన, అందరికీ కనపడేటట్టు.

ప్రశ్నల చీటీలు రెండు వచ్చాయి. ఒకటి, మా ఆయన కార్డు మీద నేను తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చేమో, కానీ వద్దు. మీ పేరున మీరు చేయించుకోండి. ఆయన కార్డు మీద ఆయన పుస్తకాలే ఉంటాయి, మీ వంతు ఎప్పటికీ రాదు. రెండోది, పుస్తకం పోతే ఏం చేయాలని. ధర కట్టాలి, లేదా అదే పుస్తకం కొని ఇవ్వాలి. దాచుకుని రాకుండా మానేయకండి, వచ్చి చెప్పండి.

సభ్యత్వం ఫారాలు ఆ నీలం బల్ల మీద ఉన్నాయి. చిరునామా రుజువు జిరాక్స్ ఒకటి, చిన్న డిపాజిట్ ఒకటి. సభ్యత్వం మానుకునేటప్పుడు డిపాజిట్ వెనక్కి ఇచ్చేస్తారు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. ఫారం నింపడం రానివాళ్లు నా దగ్గరికి రండి, కళ్లజోడు తెచ్చుకున్నాను, నేను నింపుతాను.